ఘాటు తెలిసినా వాసన తెలియని ముక్కు

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌కు ఎండుమిర్చి వచ్చే రోజుల్లో బస్తాల మధ్య నడిచినవాళ్లకు దగ్గు, తుమ్ములు తప్పవు. కరోనాతో వాసన పూర్తిగా పోయినవాళ్లలో చాలామందికీ అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి కాబట్టి ముక్కు బాగానే ఉందనుకుంటే మాత్రం పొరపాటు. మిర్చి మంటను మెదడుకు చేరవేసేది వాసన నాడి కాదు, ముఖంలో నొప్పినీ వేడినీ తెలిపే ట్రైజెమినల్ నాడి. ఆ మంటను గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. కాబట్టి వాసన ఉందో లేదో చూసుకోవాలంటే మిర్చి పనికిరాదు. కాఫీపొడో, కొత్తిమీరో, నిమ్మతొక్కో కావాలి.

వాసన, రుచి పోవడాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జూన్ 13న కొవిడ్ లక్షణాల జాబితాలో చేర్చింది. 2021 వేసవిలో తెలంగాణలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు మందుల కిట్లతో ఇల్లిల్లూ తిరిగి జ్వర సర్వే చేసే నాటికి "వాసన తెలుస్తున్నదా?" అన్నది ఇరుగుపొరుగు కూడా అడిగే ప్రశ్న అయిపోయింది.

మామూలు జలుబులో ముక్కు దిబ్బడేస్తుంది, గాలి పైకి వెళ్లదు, అందుకే వాసన తెలియదు. కరోనాలో చాలామందికి ముక్కు శుభ్రంగానే ఉంది, గాలి ఆడుతూనే ఉంది, అయినా పోపు వాసన అందలేదు. ముక్కు పైకప్పులో ఉండే చిన్న పొరలో దీనికి జవాబు ఉంది. సుమారు 400 రకాల గ్రాహకాలతో వాసనలు పట్టే నాడీకణాలు అక్కడే ఉంటాయి. వైరస్ వాటినే చంపుతోందని మొదట్లో భయపడ్డారు. అయితే కణంలోకి దూరడానికి వైరస్‌కు కావలసిన ఏసీఈ2 అనే ప్రొటీన్ ఆ నాడీకణాల్లో కాక వాటిని ఆనుకుని ఉండే సహాయక కణాల్లో ఉందని హార్వర్డ్‌లో సందీప్ రాబర్ట్ దత్తా బృందం 2020లో చూపింది. పందిరి కూలితే తీగ వాడిపోయినట్టే ఇక్కడా జరిగింది. చుట్టూ రేగిన వాపు వల్ల నాడీకణాల్లో వాసన గ్రాహకాలను తయారుచేసే జన్యువులు పని తగ్గించేస్తాయని 2022లో మరో అధ్యయనం తేల్చింది.

ఈ పొరకు తనను తాను బాగుచేసుకునే గుణం ఉంది. 3,699 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూసిన 2022 నాటి బీఎంజే వైద్యపత్రిక విశ్లేషణ ప్రకారం నెల రోజుల్లో సుమారు 74 శాతం మందికి, ఆరు నెలల్లో 96 శాతం మందికి వాసన తిరిగొచ్చింది. మిగిలిన కొద్దిమంది సంగతే చిక్కు. వారి ముక్కు పొరలో వైరస్ పోయాక కూడా రోగనిరోధక టీ-కణాలు తిష్ఠ వేసి ఉండటాన్ని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు.

మరి మెదడు? వాసన కబురు ముక్కు నుంచి ఘ్రాణ లంబికకు, అక్కడి నుంచి దాదాపు నేరుగా జ్ఞాపకాలకూ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాలకు చేరుతుంది. బ్రిటన్‌లో 785 మందికి కరోనాకు ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీసి పోల్చారు. వారిలో 401 మందికి మధ్యలో వ్యాధి సోకింది. వ్యాధి సోకనివారితో పోలిస్తే, వాసనతో సంబంధమున్న మెదడు ప్రాంతాల్లో వారికి కణజాలం సగటున 0.2 నుంచి 2 శాతం వరకు అదనంగా తగ్గినట్టు కనిపించింది. ఎక్కువమందికి వచ్చింది తేలికపాటి జబ్బే. "కరోనా మెదడును తినేస్తుంది" అని దీన్ని చదువుకోవడం మాత్రం అన్యాయం. ఇది సగటు లెక్క. పైగా వాసనలు అందక ఆ భాగాలకు పని తగ్గడం వల్ల కూడా ఇలా జరిగి ఉండొచ్చని పరిశోధకులే అన్నారు.

కొందరికి వాసన వంకరగా తిరిగొచ్చింది. కాఫీ, వేగిన ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, మాంసం వంటివి కుళ్లు కంపు కొడతాయి. ఇష్టంగా తిన్న కూరే వాంతి తెప్పిస్తుంటే ఇంట్లోవాళ్లు దాన్ని వేషాలనుకోవడమూ ఉంది. నిజానికి ఇది తిరిగి మొలుస్తున్న నాడుల గందరగోళం, చాలామందిలో నెమ్మదిగా సర్దుకుంటుంది.

వాసన లేకపోతే ఏమవుతుందిలే అనేవాళ్లు తెలంగాణలో ఈ మూడు జిల్లాల సంగతి చూడాలి. భూపాలపల్లి బొగ్గుబాయిలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకునేటప్పుడు వచ్చే వాసన ఒక హెచ్చరిక. మహబూబాబాద్ రైతుకు పురుగుమందు ఒంటి మీద పడిందని తెలిపేవాటిలో దాని కంపు ఒకటి. జనగామలో వంటింటి సిలిండర్ లీకైతే ముందుగా చెప్పేది అందులో కావాలని కలిపే మెర్కాప్టన్ దుర్వాసన. వాసన పోయినవారున్న ఇంట్లో గ్యాస్ లీకును పసిగట్టే అలారం ఉంటే మేలు. నిన్నటి అన్నం, పాలు బాగున్నాయో లేదో మరొకరు చూసి చెప్పాలి.

చికిత్సగా ఎక్కువగా సూచిస్తున్నది ఖర్చులేని సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ 2009లో దీన్ని పరీక్షించారు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కోటి పది సెకన్లు, 12 వారాల పాటు శ్రద్ధగా పీల్చాలి. అందరికీ గ్యారంటీ లేదు గానీ, కిరాణా కొట్టు సరుకుతోనే మొదలుపెట్టొచ్చు. కొన్ని వారాలైనా వాసన రాకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. అక్కడ "ఘాటు తెలుస్తున్నది" అని చెప్పి ఊరుకోకుండా, ఏ వాసన అందుతున్నదో, ఏది అందడం లేదో విడివిడిగా చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలిక.