ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చినా సీటు ఎందుకు ఆగుతుంది? ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5.5. ఈ నాలుగింటి సగటు 6.625. ఐఈఎల్‌టీఎస్ లెక్క ప్రకారం మొత్తం బ్యాండ్ 6.5. యూనివర్సిటీ అడిగింది కూడా 6.5. అయినా ఈ స్కోరుతో దరఖాస్తు ఆగిపోవచ్చు.

కారణం ఒక్క వాక్యం. చాలా యూనివర్సిటీలు ‘మొత్తం 6.5’ అని రాసిన చోటే ‘ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు’ అని కూడా రాస్తాయి. పై స్కోరులో రైటింగ్ అర బ్యాండు తగ్గింది. అంతే.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం ప్రాంతాల నుంచి ఇంజినీరింగ్ అయ్యాక పీజీకి విదేశాలకు వెళ్లాలనుకునే వారికి ఈ అర బ్యాండు చిన్న విషయం కాదు. పరీక్ష ఫీజే పదిహేను వేల రూపాయలు దాటింది. మళ్లీ రాసేలోపు ప్రవేశ గడువు దాటితే తర్వాతి సెమిస్టర్ దాకా ఆగాలి. ఇల్లో పొలమో చూపించి బ్యాంకు రుణానికి సిద్ధమైన కుటుంబానికి ఆ ఆలస్యం ఇంకా భారం. అందుకే ఫీజు కట్టే ముందే ఏ పరీక్ష, ఎంత స్కోరు, ఏ విభాగంలో ఎంత అన్నది తేల్చుకోవాలి.

ఏ పరీక్ష రాయాలి?

స్నేహితుడు ఏది రాశాడన్నదాన్ని బట్టి పరీక్షను ఎంచుకోవద్దు. మీరు చేరాలనుకునే కోర్సు పేజీ ఏం అడుగుతోంది, ఆ దేశం వీసాకు ఏది చెల్లుతుంది అన్న రెండు విషయాలు చూడండి.

*ఐఈఎల్‌టీఎస్ అకడమిక్:* స్కోరు 0 నుంచి 9 బ్యాండ్లు. స్పీకింగ్‌లో ఎగ్జామినర్ అనే మనిషితోనే మాట్లాడాలి. పేరులో ‘అకడమిక్’ ఉన్నదే చదువుకు. ‘జనరల్ ట్రైనింగ్’ ప్రధానంగా వలస, ఉద్యోగాల కోసం. బుక్ చేసేటప్పుడు ఇక్కడ పొరపడితే ఫీజు వృథా.

*టోఫెల్ ఐబీటీ:* అమెరికాకు చెందిన ఈటీఎస్ నిర్వహిస్తుంది. 2026 జనవరి 21 నుంచి పరీక్ష తీరు మారింది. రీడింగ్, లిజనింగ్‌లలో మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నల కష్టం మారుతుంది. స్కోరు 1 నుంచి 6 స్కేలులో ఇస్తున్నారు. పాత 120 మార్కుల లెక్కలో సమానమైన స్కోరు కూడా కొంతకాలం రిపోర్టులో ఉంటుంది. సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలతో చదివితే నష్టపోతారు.

*పీటీఈ అకడమిక్:* మొత్తం కంప్యూటర్‌పైనే, రెండు గంటల పరీక్ష. మాట్లాడేది కూడా మైక్‌లోనే. స్కోరు 10 నుంచి 90. మనిషి ఎదురుగా ఉంటే తడబడేవారికి ఇది నయం. హాలులో పక్కవాళ్ల మాటలు వినపడితే దృష్టి చెదిరేవారికి కష్టం.

*డ్యుయోలింగో ఇంగ్లిష్ టెస్ట్:* ఇంటి నుంచే, సుమారు గంటలో రాయొచ్చు. స్కోరు 10 నుంచి 160. ఫీజు తక్కువ. అమెరికా యూనివర్సిటీలు చాలావరకు అంగీకరిస్తాయి. ఆస్ట్రేలియా వీసాకు మాత్రం ఇంటి నుంచి రాసిన ఏ పరీక్షా చెల్లదు.

వీసా సంగతికొస్తే, ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకు కావాల్సిన కనీస ఐఈఎల్‌టీఎస్ స్కోరును 5.5 నుంచి 6కు పెంచింది. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ కోర్సులకు చాలా యూనివర్సిటీలు విద్యార్థి ఇంగ్లిష్ స్థాయిని తామే నిర్ధారించుకుంటాయి. కొన్ని సందర్భాల్లో ‘ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ’ అడుగుతారు. దాన్ని విడిగా బుక్ చేసుకోవాలి. అమెరికా వీసాకు విడిగా స్కోరు నిబంధన లేదు, స్కోరు అడిగేది యూనివర్సిటీ. కానీ వీసా ఇంటర్వ్యూలో అధికారికి ఇంగ్లిష్‌లో సమాధానం చెప్పాల్సింది మీరే.

ఇంగ్లిష్ మీడియంలో చదివాం కదా, పరీక్ష తప్పదా?

బోధన ఇంగ్లిష్‌లోనే సాగిందని కాలేజీ ఇచ్చే ‘మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్’ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకునే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. అయితే ఆ మాట యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉండాలి, లేదా వాళ్ల అడ్మిషన్ల విభాగం ఈమెయిల్‌లో చెప్పాలి. కన్సల్టెన్సీ నోటిమాట చాలదు.

స్కూల్లో టోఫెల్ రాశాం, అది పనికొస్తుందా?

పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ పాఠశాలల్లో మొదలుపెట్టినవి టోఫెల్ ప్రైమరీ, టోఫెల్ జూనియర్. అవి బడి పిల్లల స్థాయికి రూపొందించినవి. యూనివర్సిటీలు అడిగేది టోఫెల్ ఐబీటీ.

ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఎలా లెక్కిస్తారు?

లిజనింగ్, రీడింగ్‌లలో 40 చొప్పున ప్రశ్నలు. సుమారుగా 23 సరైతే 6 బ్యాండ్, 30 సరైతే 7, 35 సరైతే 8. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు.

రైటింగ్‌లో గంట సమయం, రెండు టాస్కులు. మొదటిది గ్రాఫ్ లేదా పట్టికను కనీసం 150 పదాల్లో వివరించడం. రెండోది కనీసం 250 పదాల వ్యాసం. వ్యాసానికి మొదటి టాస్క్ కంటే రెట్టింపు విలువ. గ్రాఫ్ మీదే అరగంట గడిపితే వ్యాసం దెబ్బతింటుంది. 20 నిమిషాలు గ్రాఫ్‌కు, 40 నిమిషాలు వ్యాసానికి కేటాయించండి.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ ఈ నాలుగింటికీ సమాన విలువ.

నాలుగు విభాగాల సగటుకు .25 వస్తే పై అర బ్యాండుకు, .75 వస్తే పై బ్యాండుకు పెంచుతారు. అంటే 6.25 వస్తే 6.5 అవుతుంది. కానీ ఈ సర్దుబాటు మొత్తం స్కోరుకే. విభాగం స్కోరు 5.5 వస్తే అది 5.5గానే ఉంటుంది.

మనవాళ్లకు మార్కులు ఎక్కడ పోతాయి?

*బట్టీ వ్యాసాలు:* ఏ అంశానికైనా సరిపోతుందంటూ కోచింగ్‌లో ఇచ్చే మొదటి పేరా, ముగింపు పేరా ఎగ్జామినర్లకు కొత్త కాదు. కంఠస్థం చేసిన వాక్యాలుగా తేలితే వాటికి విలువ ఇవ్వరు. స్పీకింగ్‌లోనూ అంతే. అప్పజెప్పినట్లు సాగుతున్న మాటను ఎగ్జామినర్ మధ్యలో ఆపి వేరే ప్రశ్న వేయొచ్చు.

*‘నాట్ గివెన్’ ప్రశ్నలు:* రీడింగ్‌లో ఇచ్చిన వాక్యం నిజమా, తప్పా, లేక పాఠంలో ఆ సమాచారమే లేదా అని అడుగుతారు. ఉదాహరణకు, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని పాఠంలో ఉంది. ‘ఆనకట్టకు ముందు డెల్టాలో వరి పండేది కాదు’ అనేది ప్రశ్న. మనకు ఆ చరిత్ర తెలుసు కాబట్టి ‘తప్పు’ అని పెట్టేస్తాం. కానీ పాఠం ఆ సంగతే ఎత్తలేదు. జవాబు ‘నాట్ గివెన్’. ఇక్కడ మీకు తెలిసింది పక్కన పెట్టి పాఠంలో ఉన్నదే చూడాలి.

*తెలుగులోంచి వచ్చే వాక్యాలు:* ‘ఐయామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’, ‘డిస్కస్ ఎబౌట్’ లాంటివి రోజూ వింటాం కాబట్టి తప్పుగా తోచవు. ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి రాసేటప్పుడు జారిపోతాయి. రాసిన ప్రతి పేజీలో ఈ రెండు రకాల తప్పులను ఎర్ర సిరాతో వెతకడం అలవాటు చేసుకోండి.

*ఉచ్చారణ:* యాస ఉందని మార్కులు కోయరు. మాట అర్థం కాకపోతేనే ఇబ్బంది. మనం పదం చివర అచ్చు చేర్చి ‘బస్సు’, ‘బుక్కు’ అంటాం. ‘ఓన్లీ’ని ‘వొన్లీ’ అని, ‘ఎగ్’ని ‘యెగ్’ అని పలుకుతాం. అమెరికా యాస అనుకరించే బదులు ఈ మూడింటిని సరిచేసుకుంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఎనిమిది వారాల్లో ఎలా సిద్ధం కావాలి?

*మొదటి వారం:* కోచింగ్‌కు డబ్బు కట్టక ముందే పూర్తి నమూనా పరీక్ష ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. అధికారిక వెబ్‌సైట్లలో నమూనా పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి. ఐఈఎల్‌టీఎస్‌కు కేంబ్రిడ్జ్ నమూనా పరీక్షల పుస్తకాలు నమ్మదగ్గవి. వచ్చిన స్కోరుకూ కావాల్సిన స్కోరుకూ అర బ్యాండు తేడా ఉంటే ఎనిమిది వారాలు సరిపోవచ్చు. ఒకటిన్నర బ్యాండు తేడా ఉంటే తేదీ బుక్ చేయకండి. ముందు కొన్ని నెలలు ఇంగ్లిష్ మీదే పని చేయాలి.

*రెండు నుంచి ఐదు వారాలు:* బలహీన విభాగానికి రోజులో సగం సమయం ఇవ్వండి. రైటింగ్ అభ్యాసానికి అంశాల కోసం వెతుక్కోనక్కర్లేదు. వరదల రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాలు వార్తల్లో వస్తూనే ఉంటాయి. 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. వారం రోజుల నీటిమట్టాలతో గ్రాఫ్ గీసి, ఎప్పుడు పెరిగింది, ఎక్కడ నిలకడగా ఉంది, ఎప్పుడు తగ్గింది అన్నది 150 పదాల్లో రాయండి. పరీక్షలో అడిగే నైపుణ్యం ఇదే.

స్పీకింగ్ రెండో భాగంలో కార్డు మీద ఒక అంశం ఇచ్చి, ఆలోచించడానికి నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాల దాకా ఇస్తారు. ‘రద్దీగా ఉన్న ఒక ప్రదేశం’ అని వస్తే మీరు వెళ్లని పారిస్ గురించి బట్టీ కొట్టింది చెప్పొద్దు. 2015 పుష్కరాల్లో చూసింది, ప్రభల తీర్థంలో తిరిగింది, కడియం నర్సరీల్లో ఆదివారం సందడి చెప్పండి. చూసింది చెప్పేటప్పుడు మాట ఆగదు. రోజూ ఒక అంశం ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి.

రోజుకో ఇంగ్లిష్ సంపాదకీయం చదివి, దాని సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో సొంతంగా రాయండి. రాజమహేంద్రవరంలో ఉన్నవారికి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట కూర్చుంటే ఫోన్ గోల లేకుండా గంట దొరుకుతుంది.

*ఆరు, ఏడు వారాలు:* వారానికి రెండు పూర్తి పరీక్షలు, అసలు పరీక్ష జరిగే వేళలోనే. లిజనింగ్ ఆడియో ఒక్కసారే వేస్తారు కాబట్టి ఇంట్లోనూ వెనక్కి తిప్పి వినొద్దు. రాసిన వ్యాసాలను ఇంగ్లిష్ బాగా వచ్చిన అధ్యాపకులతో దిద్దించుకోండి. మన తప్పు మనకు కనపడదు.

*ఎనిమిదో వారం:* కొత్తవి ఆపి, చేసిన తప్పుల పట్టిక తిరగేయండి.

పాస్‌పోర్టులో పేరు సరిగా ఉందా?

ఐఈఎల్‌టీఎస్, పీటీఈలకు మన దేశంలో పాస్‌పోర్టే గుర్తింపు పత్రం. ఆధార్ కుదరదు. కాబట్టి పాస్‌పోర్టు చేతికొచ్చాకే పరీక్ష బుక్ చేయండి. భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లో ఏది మీకు దగ్గరో పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది.

మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండొచ్చు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పరీక్ష బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే, అదే వరుసలో రాయాలి. పాస్‌పోర్టులోనే సవరణ అవసరమైతే అది పూర్తయ్యాక పరీక్ష.

పరీక్ష కేంద్రానికి వెళ్లేటప్పుడు

బుకింగ్ పేజీలో మీకు దగ్గరి నగరం, ఖాళీ తేదీలు కనిపిస్తాయి. విజయవాడ లేదా విశాఖ వెళ్లాల్సి వస్తే రాజమహేంద్రవరం నుంచి రైలులో మొదటిది సుమారు 150 కిలోమీటర్లు, రెండోది 200. తెల్లవారుజామున రైలెక్కి పరీక్షకు పరుగెత్తే బదులు ముందురోజు సాయంత్రానికే చేరుకోండి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ వేరే రోజున పడొచ్చు. రెండో ప్రయాణం ఖర్చు మిగలాలంటే బుకింగ్ సమయంలోనే స్పీకింగ్ తేదీ కూడా చూసుకోండి.

ఒక్క విభాగంలోనే తగ్గితే మళ్లీ మొత్తం రాయాలా?

కంప్యూటర్‌పై ఐఈఎల్‌టీఎస్ రాసినవారు ‘వన్ స్కిల్ రీటేక్’ ద్వారా ఏదో ఒక్క విభాగాన్ని మళ్లీ రాయొచ్చు. మొదటి పరీక్ష తర్వాత 60 రోజుల్లోపే. మొదట్లో చెప్పిన 5.5 రైటింగ్ విద్యార్థికి ఇదే దారి. అయితే అన్ని యూనివర్సిటీలూ దీన్ని అంగీకరించవు. ఫీజు కట్టే ముందు యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టి జవాబు తీసుకోండి.

‘స్కోరు మేం ఇప్పిస్తాం’ అంటే?

పరీక్ష రాయకుండా సర్టిఫికెట్, మీ బదులు మరొకరు, లీకైన ప్రశ్నపత్రం అంటూ వచ్చే సందేశాలు మోసాలే. కేంద్రంలో ఫొటో తీస్తారు. యూనివర్సిటీలు స్కోరును నిర్వాహక సంస్థ నుంచే ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటాయి. దొరికితే స్కోరు రద్దవుతుంది, సీటు, వీసా కూడా పోతాయి. ఒకవేళ గట్టెక్కినా, రాని ఇంగ్లిష్‌తో అక్కడ మొదటి అసైన్‌మెంట్ రాయాల్సింది మీరే.

స్కోరుకు రెండేళ్ల చెల్లుబాటు ఉంటుంది కాబట్టి తొందరగా రాస్తే నష్టం లేదు. సెప్టెంబర్‌లో చేరాలనుకునేవారు అంతకుముందు ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే రాస్తే, తక్కువ వచ్చినా మరోసారి రాయడానికి సమయం మిగులుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. మీరు చేరాలనుకునే మూడు కోర్సుల పేజీలు తెరిచి, మొత్తం స్కోరు ఎంత, విభాగానికి కనీసం ఎంత, ఏయే పరీక్షలు చెల్లుతాయి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మూడింటిలో ఎక్కువ అడిగినదే మీ లక్ష్యం.