గజ్జెల చప్పుడు ఏమైంది? కారు ట్వీటరు మార్చే ముందు చూసుకోవలసినవి

హత్నూర: కారులో పాట పెడితే డప్పు దెబ్బ వినిపిస్తుంది. గజ్జెల చప్పుడు, తాళాల మోత మాత్రం వినిపించవు. పాడేవారి నోట 'స', 'శ' అక్షరాలు ముద్దగా వస్తాయి. ట్వీటరు పలకడం లేదనడానికి ఇదే గుర్తు. సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం వైపు డ్యూటీలకు కార్లు నడిపేవారైనా, పాత కారు కొనుక్కున్నవారైనా అప్పుడు ముందుగా చేసేది వాల్యూం పెంచడం. అసలు ముప్పు అక్కడే ఉంది.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు ధ్వనులు వినిపిస్తాయి. లావు ధ్వనులను తలుపులోని పెద్ద స్పీకరు పలికిస్తుంది. సుమారు 3,000 హెర్ట్జ్‌లు దాటిన సన్నని ధ్వనులు అద్దం మూలనుండే రూపాయి బిళ్లంత ట్వీటరు పని. దానిలోని తీగచుట్ట చాలా సన్నం. సెట్టు శక్తికి మించి వాల్యూం పెంచితే ధ్వని చీలి ఆ భారం తీగచుట్టపై పడుతుంది. ఒక పక్క పోయిందని మోత పెంచితే రెండో పక్కది కూడా కాలిపోతుంది.

ముందు పరీక్ష

పలకనంత మాత్రాన ట్వీటరు కాలిందనుకోనక్కర లేదు. వైరు ఊడి ఉండవచ్చు. ట్వీటరుకు వరుసలో కలిపే చిన్న కెపాసిటరు చెడి ఉండవచ్చు. వైర్లు విప్పి, కెపాసిటరును తప్పించి, ట్వీటరు రెండు కొనలకు మల్టీమీటరు పెట్టి చూడాలి. 4 ఓమ్‌ల ట్వీటరైతే 3 నుంచి 4 ఓమ్‌లు చూపుతుంది. మీటరు కదలకపోతే తీగ తెగినట్టే. సరిగా చూపితే మాత్రం కొత్త జత కొనడం దండగ. కొద్దిపాటి ఖర్చుతో కెపాసిటరో వైరో మారిస్తే సరిపోతుంది.

ఓమ్‌లు కలవాలి

కొనక తప్పదనుకుంటే మొదట చూడవలసింది ఓమ్‌లు. లావు ధ్వనులను ఆపి సన్నని వాటినే లోపలికి పంపే కాపలాదారు కెపాసిటరు. 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉంటే 8 ఓమ్‌ల ట్వీటరు సుమారు 4,200 హెర్ట్జ్‌ల దగ్గర అందుకుంటుంది. అదే కెపాసిటరుకు 4 ఓమ్‌లది తగిలిస్తే 8,500 దాకా సరిగా పలకదు. నడుమ పాట వెలితిగా ఉంటుంది. అసలు కెపాసిటరే లేకుండా కలిపితే ట్వీటరు ఎన్నాళ్లో నిలవదు.

అట్టపెట్టె మీద వందల వాట్లు రాసి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగాలి. డెసిబెల్ అంకె తలుపు స్పీకరు అంకెకు దగ్గరగా ఉండాలి. 3 డెసిబెల్‌లు ఎక్కువైతే రెట్టింపు శక్తి ఇచ్చినట్టు, చెవికి గుచ్చుకుంటుంది. పట్టు గుమ్మటం ఉన్నది మెత్తగా, లోహపుది ఖంగుమని పలుకుతుంది. ఏదైనా సరే, రెండు పక్కలకూ ఒకే రకం జత వేయాలి. బిగించేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. కొన్ని కార్లలో అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది గనుక అక్కడ రంధ్రాలు వేయించరాదు.

చెవులకూ హద్దుంది

80 డెసిబెల్‌ల మోతను వారానికి 40 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షిఫ్టంతా యంత్రాల హోరులో గడిపి ఇంటికి వెళ్లేవారికి కారులోనూ హోరు తగదు. ట్వీటరు సరైనదైతే వాల్యూం తగ్గించినా గజ్జెలు వినిపిస్తాయి.