మూసీ పుట్టినచోటికి వసంతయాత్ర

నది యనగానే మనవారికి గోదావరియు, కృష్ణయు జ్ఞప్తికి వచ్చును. మణికొండ చెంతనే, నార్సింగి, మంచిరేవుల గ్రామముల ప్రక్కగా పాఱు మూసీని చూడబోవుద మనువారు అరుదు. హైదరాబాదు నగరములో మలినమైన యేటిని మాత్రమే చూచినవారు దానిని మెచ్చకుండుట వింత కాదు. కాని నగరమునకు పడమట నున్న మూసీ వేఱు. ఉగాది దినములలో మనుమలను వెంటబెట్టుకొని దానిని చూచి రాదగును.

రైలుమార్గము లింగంపల్లి, శంకరపల్లి మీదుగా వికారాబాదునకు పోవుచున్నది. దానికి సమీపముననే అనంతగిరి కొండలును, అనంతపద్మనాభస్వామి ఆలయమును గలవు. మూసీ యిచ్చటనే పుట్టినది. దీనికి ముచుకుందనది యని పేరు. కాలయవనుని తన చూపుచే భస్మము గావించిన ముచుకుందుడే యీ నదియై ప్రవహించెనని స్థలపురాణము చెప్పును.

ఈ కొండల పైపొర రంధ్రములుగల యెఱ్ఱరాయి. అది వాననీటిని పీల్చి దాచుకొని, పిమ్మట మెల్లమెల్లగా ఊటలుగా విడుచును. మూసీకి మంచుకొండల యాధారము లేదు; వానయే దాని ప్రాణము. కావున చైత్రమున పలుచోట్ల ఇసుకయు, మడుగులును మాత్రమే కానవచ్చును. చూడవలసినదియు అదియే. వరదకాలమున నది తన నీటిని మాత్రమే చూపును. ఎండకాలపు తొలినాళ్ళలో తన మేని కట్టడమునే చూపును. ఏ వాగు ఎచ్చట కలియుచున్నదో, ఏ గట్టు కోసుకొనిపోయినదో, ఏ చెఱువు అలుగునీరు ఎటు దిగునో కన్నులార చూడవచ్చును. గట్టుమీద కానుగ చిగిర్చియుండును, వేప పూచియుండును. సందడి యుండదు.

ఈ చిన్న యేటికి ఎంత బలము గలదో 1908 సెప్టెంబరు 28వ తేదీ వరద చూపినది. నగరములో వేలకొలది జనులు మడిసిరి. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి 1920 నాటికి గండిపేటవద్ద మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927 నాటికి ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. అవి వరదను నిలుపుటయే గాక నగరమునకు త్రాగునీ రొసగినవి.

అయితే ఆనకట్ట నీటిని నిలుపునే గాని పుట్టింపజాలదు. పైనున్న వాగులు పూడినను, చెఱువుల కాలువలు తెగినను, సాగరమునకు నీరు తగ్గును. ఈ సంగతి నెఱిగియే 1996లో ప్రభుత్వము జలాశయములచుట్టు పది కిలోమీటర్లమేర, 84 గ్రామములలో, పెద్ద కట్టడములను, మలినము చేయు పరిశ్రమలను నిషేధించెను. 2022లో ఆ నిషేధమును తొలగించు ఉత్తరువు వెలువడినది. ఇక వాగుల రక్షణభారము ఆ యూళ్ళవారిపై మునుపటికంటె నెక్కుడుగా నున్నది.

పటములో గుర్తింపని పిల్లవాగులును గలవు. వాని పేళ్ళు, పాత హద్దులు ఊరి పెద్దలకే తెలియును. కనుక యాత్రకు పోయినప్పుడు అచ్చటి వృద్ధులను అడిగి ఆ పేళ్ళను పిల్లలచేత వ్రాయింపుడు. తిరిగివచ్చి మీ యూరి వాగుల పేళ్ళనుగూడ అట్లే వ్రాయింపుడు. రేపు ఎవరైన వచ్చి ఇది ఉత్త పల్లమే యన్నచో, కాదు, ఇది వాగు అని చెప్పుటకు ఆ వ్రాత అక్కఱకు వచ్చును.