చిట్టికి రోడ్డు నేర్పడం

మా ఇల్లు హోసూరులో బాగలూరు రోడ్డు పక్క సందులో ఉంది. సందు దాటితే కంపెనీ బస్సులు, టమాటా టెంపోలు, లారీలు. మా చిట్టి ఏ జాతి కుక్కా కాదు, వీధి కుక్కపిల్లే. దానికి ఐదో నెలలో మొదటిసారి రోడ్డు దాకా తీసుకుపోయినాను. ఒక లారీ ఎయిర్ హారన్ కొట్టేసరికి చిట్టి మెడపట్టీలోంచి తల ఊడబెరుక్కొని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. స్కూటరాయన బ్రేకు వేశాడు కాబట్టి అది బతికింది, ఆయనా పడలేదు. ఆ సాయంత్రం అవ్వ ఒకటే మాట: "దీన్ని రాయకోటలో మీ మామ తోటకి పంపించేయండి. ఎవరి ప్రాణమో తీస్తుంది." నాయన నాకు ఒక నెల గడువిచ్చినాడు.

అలవాటైపోతుందిలే అని మర్నాడు దాన్ని రోడ్డు పక్కనే అరగంట నిలబెట్టినాను. అది నా తప్పు. మూడోరోజుకి సందు మలుపు దగ్గరే కూర్చొని కదలనంది. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు సుమారు 45,000 దాకా వినిపిస్తుంది. బ్రేకుల కీచు దానికి ఎట్లా ఉంటుందో మనకు తెలీదు. పైగా కుక్కపిల్లలు కొత్తవాటికి సులువుగా అలవాటు పడేది మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. చిట్టి మా ఇంటికి వచ్చేసరికే ఆ వయసు దాటింది. అట్లాంటప్పుడు నేర్పలేమని కాదు, నిదానంగా నేర్పాలి.

అసలు కిటుకు దూరంలో ఉంది. రోడ్డుకు యాభై అడుగులు వెనక్కి ఒక ఖాళీ సైటులో నిలబడినాము. బండి కనబడాలి, అయినా కుక్క తినగలగాలి. తినడం మానేసిందంటే దగ్గరికి వచ్చేసినట్టే. నిద్ర రాకపోయినా ఆవలించడం, మూతి నాక్కోవడం, తోక కాళ్ళ మధ్య దూర్చడం కూడా భయమే. ముందు బండి కనబడాలి, తర్వాత ఉడికించిన కోడిముక్క పెట్టాలి. బండి పోతే ముక్కలూ ఆగిపోవాలి. ఈ వరుస తిరగబడితే ముక్క చూడగానే "అమ్మో, లారీ వస్తోంది" అనుకుంటుంది, ఇక కోడిని కూడా నమ్మదు! పావ్‌లోవ్ కుక్కల కథ మనం చదివిందే. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి.

రెండు మూడు రోజులకొకసారి ఐదడుగులు ముందుకు. బెదిరిన రోజు మళ్ళీ వెనక్కి. పదిహేనో రోజు వానలో బస్సు నీళ్ళు చిమ్మితే మొదటికొచ్చినాము, ఏడుపొచ్చింది.

కృష్ణగిరి నుంచి వచ్చే మన క్లాసువాళ్ళలో కొందరి ఇళ్ళు 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉన్నాయి. మీరు అక్కడ మొదలుపెట్టొద్దు. బండికీ బండికీ మధ్య ఖాళీ ఉండదు, కుక్క ఊపిరి పీల్చుకునేదెప్పుడు? సందులోనే మొదలుపెట్టండి.

మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ వేసే బెల్టు కొనండి. లోపల రెండు వేళ్ళు పట్టేంత వదులు చాలు. లారీ వచ్చినప్పుడు తాడు గుంజకూడదు, గుంజితే నొప్పీ లారీ ఒకటేనని నేర్చుకుంటుంది. ఫుట్‌పాత్ లేని చోట ఎదురొచ్చే బండ్లు కనబడేట్టు కుడివైపున నడుస్తూ, కుక్కను మన కుడిచేతి పక్క, అంటే బండ్లకు అవతల ఉంచుకోవాలి. ఎండ రోజుల్లో అరచేయి వెనకభాగం తారు మీద ఆనించి చూడండి, మనకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

ఇరవైఎనిమిదో రోజు అవ్వ కూడా మాతో వచ్చింది. లారీ పోయింది. చిట్టి ఒకసారి అటు చూసి, తల తిప్పి నా జేబు వైపు చూసింది. ఎయిర్ హారన్‌కి మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, కానీ పారిపోదు. అవ్వ రాయకోట మాట ఎత్తడం మానేసింది. మొన్న కోడి ఖర్చు లెక్క మాత్రం అడిగింది.