వార్తల్లో పదం: పరిహేళి

ఏటా జనవరి తొలివారంలో భూమి సూర్యుడికి అత్యంత చేరువగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వస్తుంది. కక్ష్యలోని ఆ బిందువే పరిహేళి. జూబ్లీ హిల్స్ కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లు స్వెటర్లు తొడుక్కునేదీ సరిగ్గా అప్పుడే! జులై మొదట్లో దూరం 15.2 కోట్లకు పెరుగుతుంది. తేడా మూడు శాతమే. రుతువులను నడిపేది 23.4 డిగ్రీలు వాలిన భూమి అక్షం. జనవరి మొదట్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలూ తక్కువే. మే 9 ప్రాంతంలో నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. అలాగని పరిహేళిని తీసిపారేయలేం: దగ్గరైనప్పుడు భూమి వేగం పెరుగుతుంది. అందుకే ఖగోళ లెక్కలో ఉత్తరార్ధగోళపు శీతకాలం 89 రోజులైతే, వేసవి 93 దాటుతుంది.