ఫీజు లేదు సరే, మరి ఖర్చు?

పది తప్పినవాళ్లకు, ఇంటర్ మధ్యలో మానేసినవాళ్లకు, డిగ్రీ చేతిలో ఉన్నా పని దొరకనివాళ్లకు పైసా ఫీజు తీసుకోకుండా ఒక పని నేర్పి, ఆ పనిలో కుదిర్చే ఏర్పాటును ఉచిత ఉపాధి శిక్షణ అంటారు. మామూలు చదువుకూ దీనికీ తేడా అంతా ఆ ‘కుదిర్చే’ అన్న మాటలోనే ఉంది. సర్టిఫికెట్ చేతికివ్వడంతో కాలేజీ బాధ్యత తీరిపోతుంది. శిక్షణ కేంద్రానికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. నేర్చుకున్నవాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు, చేరినవాళ్లలో మూడు నెలల తర్వాత ఎంతమంది మిగిలారు అన్నదే లెక్క.

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో ఈ అవసరం ఎలాంటిదో తెలియాలంటే పామర్రు సెంటర్లో ఒక పూట నిలబడితే చాలు. విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గుడివాడ, భీమవరం మీదుగా పాలకొల్లు వెళ్లే 165వ నంబరు రహదారి ఇక్కడే మొదలవుతుంది. కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు దారి కూడా ఇదే. పొద్దున్నే బస్సెక్కే కుర్రాళ్లలో చాలామంది విజయవాడలో ఏదో ఒక షాపులోనో, షోరూములోనో పనికి పోయేవాళ్లు. ఊళ్లో పొలం పని ఉందిగా అనడానికి లేదు. వరికోత యంత్రాలు వచ్చాక కోతల కూలి రోజులు తగ్గిపోయాయి. చాలా ఇళ్లలో సాగు కౌలుదే, దాని మీద మరో మనిషి బతికే వీలు లేదు. చెరువుల మీద రొయ్యల పని ఉంటుంది గానీ అది కాపలా బతుకు. పగలూ రాత్రీ గట్టు మీదే.

అడ్డంకులు అందరికీ ఒకటి కావు. నాగాయలంక, కోడూరు వైపు పిల్లలకు దూరమే మొదటి అడ్డంకి. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ల భయం. పెళ్లయి చిన్నపిల్లలున్న అమ్మాయికి ఆ పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న. దివిసీమలో కాలవగట్ల మీద ఉండే యానాది కుటుంబాల్లో చాలాచోట్ల కాగితమే అడ్డంకి. కుల ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో ఏ ఒక్కటి లేకపోయినా దరఖాస్తు ముందుకు కదలదు. వీటన్నిటికీ ‘ఉచితం’ అనే ఒక్క మాట సమాధానం కాదు. ఫీజు ఉండదు నిజమే. కానీ మూడు నెలలు ఇంటికి రాని కూలి డబ్బుల్ని కుటుంబమే భరించాలి. ఈ పథకాల్లో ఏది పనిచేస్తుంది, ఏది ఫోటోలతో సరిపెడుతుంది అన్నది ఆ కూలి డబ్బుల సంగతి ఎవరు పట్టించుకున్నారన్న దాన్ని బట్టే తేలిపోతుంది.

చేతిపనిని చదువుతో కలిపి నేర్పాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1910లోనే కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తి వదులుకొని మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయనకు తోడు నిలిచారు. పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత, యంత్రాల పని నేర్పడం ఆ కళాశాల ప్రత్యేకత. పామర్రుకు దగ్గర్లోని భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య కూడా అక్కడ అధ్యాపకుడిగా పనిచేశారు. అప్పటి లక్ష్యం స్వదేశీ. ఇప్పటి లక్ష్యం నెల జీతం. అయినా, చదువంటే గుమాస్తా ఉద్యోగం ఒక్కటే కాదన్న మాట బందరులో వందేళ్ల కిందటే వినిపించింది.

ఇప్పుడు దేశమంతా నడుస్తున్న పద్ధతికి మాత్రం పునాది హైదరాబాద్‌లో పడింది. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1990ల చివర్లో ‘ల్యాబ్స్’ పేరుతో, చదువు మానేసిన పట్టణ పేద యువతకు మూడు నెలల కోర్సులు మొదలుపెట్టింది. ముందు బజారులోకి వెళ్లి ఎవరికి ఎలాంటి మనుషులు కావాలో అడిగి తెలుసుకోవడం, ఆ తర్వాతే కోర్సు తయారు చేయడం దాని పద్ధతి. వినడానికి చిన్న విషయమే. కానీ టీచరు దొరికిన కోర్సు కాకుండా ఉద్యోగం దొరికే కోర్సు పెట్టాలన్న ఇంగితం మన శిక్షణ వ్యవస్థల్లో అంతకుముందు అరుదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇదే దారిలో గ్రామీణ యువత కోసం ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్‌ను పెట్టింది. అప్పటికే ఊరూరా ఉన్న డ్వాక్రా సంఘాలు దీనికి కలిసొచ్చాయి. ఏ ఇంట్లో ఏ పిల్లాడు ఖాళీగా ఉన్నాడో సంఘం మీటింగులో కూర్చున్న తల్లికి తెలిసినంతగా ఏ సర్వేకీ తెలియదు కదా. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యత ‘సీడాప్’ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు వచ్చింది.

సీడాప్ చేతిలో ఉన్న ముఖ్య పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. అంతకుముందు వేరే పేర్లతో నడిచిన కార్యక్రమానికి 2014 సెప్టెంబరు 25న ఈ పేరు వచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు ఇది వర్తిస్తుంది. మహిళలు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు, బాగా వెనకబడిన గిరిజన తెగలవాళ్ల విషయంలో 45 ఏళ్ల దాకా సడలింపు ఉంది. పేదరికపు రేఖకు దిగువనున్న ఇళ్లతో పాటు, ఉపాధి హామీ పనికి వెళ్లిన కుటుంబాల పిల్లలకు, డ్వాక్రా సభ్యుల పిల్లలకు కూడా అవకాశం ఉంటుంది. కోర్సును బట్టి శిక్షణ 3 నెలల నుంచి ఏడాది దాకా సాగుతుంది. హాస్టల్ ఉన్న కేంద్రాల్లో తిండి, బస ఉచితం. యూనిఫాం, పుస్తకాలు శిక్షణ కేంద్రమే ఇస్తుంది. శిక్షణ ఇచ్చే సంస్థ తాను నేర్పినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి.

ఈ పథకం నియమాల్లో అందరి కంటా పడనిది, అసలు మెచ్చుకోదగ్గది ఒకటుంది. ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా కొన్నాళ్లు నెలకు 1,000 రూపాయల చొప్పున సాయం వస్తుంది. సొంత జిల్లాలోనే చేరితే 2 నెలలు, రాష్ట్రంలో మరో జిల్లాకు వెళితే 3 నెలలు, రాష్ట్రం దాటితే 6 నెలలు. ఈ మెట్లు పెట్టినవాళ్లకు వలస కష్టం తెలుసు. గుడివాడ దగ్గరి పల్లె కుర్రాడు చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో 12 వేల జీతానికి చేరాడనుకుందాం. మొదటి జీతం చేతికొచ్చే దాకా గదికి అడ్వాన్సు, మంచం, బకెట్టు, మెస్సు, బస్సు అన్నీ జేబులోంచే. నలుగురు కలిసి గది తీసుకున్నా నెల తిరిగేసరికి ఇంటికి పంపడానికి మిగిలేది కొద్దిగానే. భాష రాదు, అన్నం సహించదు, ఊళ్లో సంక్రాంతి. చాలామంది వెనక్కి వచ్చేసేది ఈ మొదటి రెండు నెలల్లోనే. పని రాక కాదు. ఆ వెయ్యి రూపాయలు అతన్ని పూర్తిగా ఆపలేకపోవచ్చు. కానీ ‘వచ్చేయ్ నాయనా’ అని తల్లి ఫోన్ చేసే రోజును ఒక నెల వెనక్కి నెడతాయి. ఆ నెలలోనే పని అలవాటవుతుంది.

ఊరు వదలనివాళ్ల దారి వేరు. వాళ్ల కోసం ప్రతి జిల్లాలోనూ ఒక బ్యాంకు ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ విధానం. దీనికి మూలం కర్ణాటకలోని ఉజిరె. 1982లో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి అక్కడ మొదటి సంస్థను పెట్టారు. 18 ఏళ్లు నిండిన నిరుద్యోగ యువతను తీసుకొని, కొద్ది రోజుల నుంచి నెలన్నర లోపు ఉండే కోర్సుల్లో కుట్టు, బ్యూటీషియన్, సెల్‌ఫోన్ రిపేరు, పాడి లాంటివి నేర్పుతారు. భోజనం, బస ఉచితం. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు వెంటపడి చూస్తారు. కొట్టు పెట్టాడా, బ్యాంకు అప్పు వచ్చిందా, కిస్తీ కడుతున్నాడా అని.

డెల్టాకు అతికినట్టు సరిపోయే కోర్సు మోటారు వైండింగ్. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఆ వేళ మోటారు కాలిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే చెరువులున్న చోట వైండింగ్ వచ్చినవాడికి పని వెతుక్కునే అవసరం రాదు. నేర్చుకునే పద్ధతి ఓపికతో కూడింది. కాలిన మోటారు విప్పగానే తీగ కోసి పారేయకూడదు. ముందు గాడులెన్ని, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి చుట్ట దూరింది, ఒక్కో చుట్టలో ఎన్ని చుట్లు, తీగ గేజు ఎంత అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే పాత రాగి తీయడం, గాడుల్లో ఇన్సులేషన్ కాగితం పరచడం, కొత్త తీగ చుట్టి దించడం, కనెక్షన్లు కలిపి పరీక్షించడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం. చుట్లు లెక్క తప్పి తక్కువ పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి మళ్లీ కాలుతుంది. మొదటి మోటారు చుట్టినవాడు లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి వస్తాడు. పదో మోటారుకు ఒక పక్క మాట్లాడుతూనే చేతులు లెక్క తప్పవు. ఆ తేడా తేవడానికే ముప్ఫై రోజుల కోర్సు.

ఇవి కాక జన శిక్షణ సంస్థాన్‌లు అసలు చదువు రానివాళ్లనూ తీసుకుంటాయి. ఐటీఐ చదివినవాళ్లకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పని నేర్చుకునే వీలుంది. ఆర్టీసీ డిపోలు ఈ పద్ధతిలో మెకానిక్కులను తీసుకుంటాయి. మచిలీపట్నం భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా అప్రెంటిస్‌లను తీసుకునే సంస్థే. ఇప్పటికే కులవృత్తిలో ఉన్నవాళ్లకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో పడవలు కట్టేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, కంసాలులు ఉన్నారు. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల స్టైపెండు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. కూలి పోతుందన్న బాధను నేరుగా లెక్కలోకి తీసుకున్న పథకం ఇది.

దివ్యాంగుల విషయంలో తెలుగు నేల నుంచి మరో ప్రయత్నం జరిగింది. 2005లో పెట్టిన ఉపాధి కల్పన మిషన్‌ను మొదట్లో నడిపిన మీరా షెనాయ్ 2012లో హైదరాబాద్ కేంద్రంగా ‘యూత్ ఫర్ జాబ్స్’ సంస్థను పెట్టారు. శారీరక వైకల్యం, మూగతనం, చెవుడు ఉన్న యువతకు ఉచితంగా శిక్షణ ఇచ్చి దుకాణాల్లో, కంపెనీల్లో చేర్చడం దాని పని. ఇక్కడ శిక్షణ ఒక వైపే కాదు. చెవుడున్న అమ్మాయితో ఎలా మాట్లాడాలో పక్కసీటు ఉద్యోగులకూ నేర్పాలి. అది లేకపోతే ఉద్యోగం నిలవదు.

అమెరికాలో 1964 నుంచి నడుస్తున్న ‘జాబ్ కోర్’ కూడా ఉచిత ఉపాధి శిక్షణే. 16 నుంచి 24 ఏళ్ల పేద యువతకు తిండి, బస పెట్టి పని నేర్పుతుంది. ఖర్చుకు తగ్గ ఫలితం లేదంటూ 2025లో అక్కడి ప్రభుత్వం చాలా కేంద్రాలను ఆపబోతే కోర్టు అడ్డుపడింది. ఒక్కొక్కరి మీద ఎంత ఖర్చు, ఎంతమంది నిలిచారు అన్న గొడవ అక్కడా ఇక్కడా ఒకటే.

ఆడపిల్లల రాకపోకలకు ఈ మధ్య ఒక అడ్డు తొలగింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. చల్లపల్లి నుంచి బందరు వెళ్లి శిక్షణ తీసుకొని సాయంత్రానికి ఇంటికి చేరే అమ్మాయికి ఇది నెలకు చిన్న మొత్తమేమీ కాదు. అయితే చివరి బస్సు ఎన్నింటికన్నది ఇప్పటికీ ఏ పథకంలోనూ రాసి లేదు. శిక్షణ కేంద్రం అయిదింటికి వదిలితే ఒక లెక్క, ఆరున్నరకు వదిలితే మరో లెక్క.

చేరాలనుకునేవాళ్లు మండల కేంద్రంలోని వెలుగు కార్యాలయంలో గానీ, గ్రామ సచివాలయంలో గానీ ముందు అడగాలి. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, ఉంటే మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు దగ్గర పెట్టుకోవాలి. పేరులో అక్షరం తేడా ఉంటే ముందే సరిచేయించుకోవడం మంచిది, బ్యాచ్ మొదలయ్యాక తిరగడానికి టైము ఉండదు. చేరే ముందు కేంద్రంవాళ్లను మొహమాటం లేకుండా నాలుగు ముక్కలు అడగాలి. కిందటి బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడొచ్చా? చేతికొచ్చే జీతం ఎంత, కోతలు పోగానా, పోకముందా? హాస్టల్లో ఆడపిల్లలకు వార్డెన్ ఉన్నారా? సూటిగా జవాబు చెప్పని చోట సీటు ఖాళీగా ఉన్నా చేరకపోవడమే నయం.

ఈ పథకాల్లో పేద పిల్లల దగ్గర దరఖాస్తుకు గానీ, సీటుకు గానీ, ఉద్యోగానికి గానీ రూపాయి తీసుకునే నిబంధన ఎక్కడా లేదు. ‘రెండు వేలిస్తే పేరు ఎక్కిస్తా’ అని ఎవరైనా అంటే డబ్బివ్వకండి, వెంటనే వెలుగు కార్యాలయంలో చెప్పండి.