నవలలోని ‘నేను’ రచయిత కాదు

నవల పాఠ్యాంశంగా ఉన్న విద్యార్థులు సాహిత్య పదాల నిర్వచనాలు బాగానే కంఠస్థం చేస్తారు. చిక్కంతా వాటిని చదివిన నవలకు అన్వయించేటప్పుడే వస్తుంది. తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: కథ చెబుతున్న ‘నేను’ రచయితే.

వాస్తవం: కథ చెప్పే గొంతు కథకుడిది. ఆ కథకుణ్ణి కూడా రచయితే సృష్టిస్తాడు. చలం ‘మైదానం’ (1927)లో తన కథ తాను చెప్పుకునేది రాజేశ్వరి. భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన స్త్రీ ఆమె, రాసింది మగవాడు. ఇక్కడ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అసలు పరీక్ష మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ దగ్గర. మొక్కపాటి కూడా విదేశంలో చదువుకున్నవాడే కాబట్టి ఇది ఆయన స్వానుభవమే అనుకోవడం సులువు. కానీ మొగల్తూరు నుంచి బారిష్టరు చదువుకు విదేశం బయలుదేరిన పార్వతీశం తనకు జరిగినవన్నీ అమాయకంగా చెప్పుకుపోతాడు. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని, తెలియక అదే పెట్టుకు తిరుగుతాడు. ఎదుటివాళ్లు ఎందుకు నవ్వుతున్నారో ఆ క్షణాన అతనికి బోధపడదు; చదివేవాళ్లకు మాత్రం నవ్వు ఆగదు. పార్వతీశానికి తెలిసినదానికీ మొక్కపాటికి తెలిసినదానికీ ఉన్న ఆ ఎడంలోనే హాస్యం పుట్టింది. కథకుణ్ణీ రచయితనూ ఒకటి చేసేస్తే ఈ నవల ఎందుకు నవ్విస్తుందో చెప్పలేం. అందుకే అన్ని పదాల కన్నా ముందు నేర్వవలసింది ‘కథకుడు’ అన్నదే అని నా అభిప్రాయం.

అపోహ: నవలలో వస్తువు అంటే కథా సారాంశం.

వాస్తవం: ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో వస్తువేమిటని అడిగితే రామదాసు కుటుంబం కష్టాలు రెండు పేజీలు రాసేస్తారు. అది కథ. భూస్వామి చౌదరయ్య చేతిలో రామదాసు కొడుకు సంగదాసు ఎందుకు చనిపోయాడు, మరో కొడుకు వెంకటదాసు ఉన్నవాళ్లను దోచే దారి ఎందుకు పట్టాడు అన్న ప్రశ్నలకు జవాబు దొరికేలా సంఘటనలను అల్లిన తీరు ఇతివృత్తం. ఇక వస్తువు అంటే వీటన్నిటి వెనక నవల పట్టించుకున్న విషయం: అంటరానితనం, కూలి, భూమి, స్వాతంత్ర్యోద్యమం. 1922లో వెలువడిన ఈ నవలను నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక కుటుంబం కన్నీళ్లు చూసి ఏ ప్రభుత్వమూ బెదరదు. బెదరగొట్టింది వస్తువే.

అపోహ: పాత్ర తన ఆలోచనలు ‘నేను’ అంటూ చెబితే చైతన్య స్రవంతి.

వాస్తవం: అలాగైతే పార్వతీశమూ ఆ కోవలోకే రావాలి. అతను జరిగినదాన్ని వరస తప్పకుండా మనకు చెబుతున్నాడు. చైతన్య స్రవంతిలో మనసు ఎవరికీ ఏమీ చెప్పదు; ఒక తలపు నుంచి మరో తలపుకు, ఇప్పటి నుంచి ఎప్పటికో జారిపోతూ ఉంటుంది. నవీన్ ‘అంపశయ్య’ (1969)లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి గడిపేది ఒక్క రోజే. ఆ ఒక్క రోజులోకి అతని పల్లె, పేదరికం, భయాలు అన్నీ వచ్చి పడతాయి. ‘చైతన్య స్రవంతి’ అన్న మాటను విలియం జేమ్స్ 1890లో మనస్తత్వశాస్త్రంలో వాడాడు. 1918లో మే సింక్లెయిర్ దాన్ని డొరోతీ రిచర్డ్‌సన్ నవలలకు అన్వయించింది.

అపోహ: కథానాయకుడు ఆదర్శవంతుడై ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. గోపీచంద్ సీతారామారావును చూడండి. నవల పేరే ‘అసమర్థుని జీవయాత్ర’.

పరీక్షలో నిర్వచనం రాసి ఆగిపోకండి. దాని కింద మీరు చదివిన నవల నుంచి ఒక సన్నివేశం చూపించండి. అందుకోసం గైడు పక్కన పెట్టి, ముందు నవల చదవండి.